సిగ్నల్ లేని అడవి దారిలో మన సొంత పాయింట్లు ఫోన్ మ్యాపులో ఎలా ఎక్కించాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, తర్వాత చదివేవాళ్లకూ విషయం తెలియాలి. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచి వెళ్లే భక్తుల కోసం మీ బృందం దారిలో చలివేంద్రాలు, వైద్య శిబిరాలు, అన్నదానం నడుపుతోంది. ఆ చోట్లన్నీ ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి. పోయిన ఏడు పిన్ లింకులు వాట్సాప్ గ్రూపులో పెడితే, నల్లమలలోకి దిగాక సిగ్నల్ లేక ఎవరికీ తెరుచుకోలేదు. ఈసారి ఆ పాయింట్లన్నీ కార్యకర్తలందరి ఫోన్లలో సిగ్నల్ లేకపోయినా కనిపించాలి. కొందరివి ఐఫోన్లు. గూగుల్ మ్యాప్స్‌లో కొత్త చోట్లుగా చేర్చేస్తే సరిపోదా అని కూడా అడిగారు.

సూటి జవాబు ఇది. మీ షీట్‌ను సరిచేసి, దాన్నుంచి ఒక కేఎంఎల్ లేదా జీపీఎక్స్ ఫైల్ (మ్యాపు యాప్‌లు చదవగలిగే పాయింట్ల ఫైల్ రకాలివి) తయారు చేయండి. దాన్ని కార్యకర్తలందరూ ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్‌లో తెరిస్తే చాలు. ఆ యాప్ ఉచితం, ప్రకటనలు ఉండవు, ఖాతా తెరవక్కర్లేదు, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది. ఒకసారి ఆ ప్రాంతం మ్యాప్ దింపుకుంటే ఇక నెట్ అవసరం లేదు. బృందాన్ని నడిపే ఇద్దరు ముగ్గురు మాత్రం దాంతోపాటు ఓస్మాండ్ అనే యాప్ కూడా పెట్టుకుంటే మంచిది. గూగుల్ మ్యాప్స్‌లో కొత్త చోటుగా చేర్చడం మీ పనికి సరిపోదు.

నా దృష్టిలో ఏ యాప్ అన్నది రెండో ప్రశ్న. మీ పాయింట్లు మీ చేతిలో ఉన్న ఒక ఫైల్‌లో ఉండాలి, యాప్ వాటిని చూపించే కిటికీ మాత్రమే. పాయింట్లను యాప్‌లోనే ఒక్కొక్కటిగా వేలితో నొక్కి పెట్టుకున్నవాళ్లకు ఫోన్ మారినప్పుడో, యాప్ తీసేసినప్పుడో అన్నీ పోతాయి. మీ దగ్గర షీట్ ఉంది కాబట్టి మీరు సగం దారిలో ఉన్నట్టే. ఆ షీటే అసలు. మార్పు ఏదైనా ముందు షీట్‌లో చేయాలి, దాన్నుంచి కొత్త ఫైల్ తీయాలి, దాన్నే పంచాలి. ఫోన్‌లో పాయింట్ జరిపేసి షీట్‌లో మార్చడం మరిచిపోతే వచ్చే ఏడు పాత తప్పే మళ్లీ అందరి ఫోన్లలోకి ఎక్కుతుంది.

గూగుల్ సంగతి ముందు చెప్పేస్తాను, ఎక్కువమందికి అక్కడే సందేహం. అందులో 'చోటు చేర్చు' అని పంపేది ప్రపంచమంతా చూసే మ్యాప్ కోసం. దాన్ని వాళ్లు పరిశీలించి ఒప్పుకుంటేనే కనిపిస్తుంది. నాలుగు రోజులు ఉండి తీసేసే చలివేంద్రం అందులోకి వెళ్లవలసింది కాదు. మన జాబితాలో సేవ్ చేసుకునే పాయింట్లు వేరు, అవి మన ఖాతాకే పరిమితం, కావాలంటే పంచుకోవచ్చు. మూడోది మై మ్యాప్స్. కంప్యూటర్‌లో షీట్ ఎక్కిస్తే మన సొంత మ్యాప్ తయారవుతుంది. ఒక్కో లేయర్‌లో (మ్యాపు మీద విడిగా పెట్టుకునే పొరలో) 2,000 వరుసల దాకా, ఒక మ్యాపులో 10 లేయర్ల దాకా పెట్టుకోవచ్చు. పని చాలా సులువు. కానీ దాని ఆండ్రాయిడ్ యాప్ 2021లోనే ఆగిపోయింది, ఆ మ్యాప్ ఫోన్‌లో చూడాలంటే నెట్ ఉండాలి. పైగా గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌గా దింపుకున్న మ్యాప్ మీద వాహనాల దారి చెబుతుంది తప్ప నడక దారి చెప్పదు. మీది పూర్తిగా కాలినడక దారి. అందుకే మై మ్యాప్స్‌ను ఫైల్ తయారు చేసుకునే పనిముట్టుగా వాడుకుందాం, అడవిలో చూసుకోవడానికి కాదు.

ఇప్పుడు షీట్ దగ్గరికి వద్దాం. ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే.

అక్షాంశం ఒక నిలువు వరుసలో, రేఖాంశం ఇంకో నిలువు వరుసలో విడివిడిగా ఉండాలి. రెండూ ఒకే గడిలో కామాతో ఉంటే విడదీయండి. దశాంశాల్లోనే రాయండి. శ్రీశైలం గుడి దాదాపు 16.074, 78.868 దగ్గర ఉంటుంది. చుక్క తర్వాత ఐదంకెలు ఉంటే మీటరు దాకా తెలుస్తుంది, నాలుగుంటే 11 మీటర్ల దాకా, మూడుంటే 111 మీటర్ల దాకా. చెట్ల మధ్య 100 మీటర్లు అంటే బావి కనిపించదు. అందుకని ఐదంకెలు ఉంచండి. ఏడెనిమిది అంకెలున్నా నష్టం లేదు, లాభమూ లేదు.

చాలా షీట్లలో కనిపించే తప్పు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లను దశాంశాలుగా భ్రమపడటం. 16 డిగ్రీల 4 నిమిషాల 27 సెకన్లను 16.0427 అని రాసేస్తారు. నిమిషాలను 60తో, సెకన్లను 3,600తో భాగించి కలిపితే అది 16.0742 కావాలి. తేడా చూడటానికి చిన్నదే, నేల మీద దాదాపు మూడున్నర కిలోమీటర్లు. మీ షీట్‌లో కొన్ని పాయింట్లు పాత టోపోషీట్ (ప్రభుత్వ సర్వే వాళ్ల కాగితపు మ్యాపు) నుంచి తీసుకున్నవైతే ఇంకో చిక్కు ఉంది. పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్ల లెక్క ఎవరెస్ట్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను కొలిచే ఆధారం) మీద ఉంటుంది, ఫోన్ జీపీఎస్ లెక్క డబ్ల్యూజీఎస్ 84 మీద. ఆ అంకెలను నేరుగా ఫోన్‌లో పెడితే పాయింట్ పక్కకు జరుగుతుంది. అలాంటివి అక్కడికి వెళ్లి ఫోన్‌తో మళ్లీ తీసుకోవడమే మేలు.

రెండో తప్పు అక్షాంశ రేఖాంశాలు తారుమారు కావడం. మన రాష్ట్రాల రేఖాంశాలు దాదాపు 77 నుంచి 85 దాకా ఉంటాయి. అక్షాంశం 90 దాకా ఉండొచ్చు కాబట్టి తారుమారైనా యాప్ తప్పు అని చెప్పదు, మౌనంగా తీసుకుంటుంది. శ్రీశైలం అంకెలు తిరగేస్తే ఆ పాయింట్ ఉత్తర ధ్రువం దగ్గర నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. మ్యాపులో పాయింట్ ఎక్కడా కనిపించడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. కేఎంఎల్ ఫైల్ లోపల రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాస్తారు. జీపీఎక్స్‌లో రెండింటికీ విడిగా పేర్లు ఉంటాయి. ఫైల్‌ను చేత్తో సరిచేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రెండు తప్పుల్లో పెద్దవాటిని పట్టుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. మీ దారి మొత్తం అక్షాంశం 15.8 నుంచి 16.1 మధ్య, రేఖాంశం 78.5 నుంచి 78.9 మధ్య ఉంటుంది. షీట్‌లో ఆ నిలువు వరుసలను చిన్నది నుంచి పెద్దదికి సర్దండి. హద్దు దాటినవి పైనో కిందో చేరి కనిపిస్తాయి. అంతకన్నా చిన్న తేడాలు మ్యాపులో ఎక్కించి దూరం నుంచి చూసినప్పుడు తేలతాయి. చుక్కలన్నీ ఆత్మకూరు నుంచి శ్రీశైలం దాకా ఒక వరసలో ఉండాలి, వరస నుంచి పక్కకు పోయిన దాన్ని అనుమానించండి.

ఇక పేర్లు. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, రాత్రి రెండు గంటలకు ఒకరికి కాలు బెణికినప్పుడు పనికొచ్చేదీ ఇదే. పాయింట్ పేరు దాత పేరుతోనో సంస్థ పేరుతోనో మొదలుకాకూడదు. ముందు అది ఏమిటో ఉండాలి, తర్వాత అంకె, తర్వాత చోటు. 'నీళ్లు 20 నాగలూటి', 'వైద్యం 40 పెచ్చెరువు', 'అన్నదానం 50 మఠంబావి' అన్నట్టు. అంకెలు నడిచే దిశలో పెరగాలి, వెంకటాపురం నుంచి మొదలై శ్రీశైలం వైపు. పది పది చొప్పున వదిలి ఇవ్వండి. చివరి నిమిషంలో 20కీ 30కీ మధ్య కొత్త చలివేంద్రం పెడితే అది 25 అవుతుంది, మిగతావాటి అంకెలు మార్చే పని ఉండదు.

అదే అంకెను అక్కడ బోర్డు మీద పెద్దగా రాయించండి. ఫోన్ లేని భక్తుడు కూడా 'నలభై దగ్గర ఉన్నాం' అని ఎవరితోనైనా చెప్పగలుగుతాడు. వైర్‌లెస్ సెట్‌లో మాట సరిగా వినిపించకపోయినా అంకె అర్థమవుతుంది. వైద్య బృందం దగ్గరి కాగితంలోనూ అదే అంకె ఉండాలి. మ్యాపులో ఒకటి, బోర్డు మీద ఒకటి, కాగితంలో ఇంకొకటి ఉంటే మొత్తం శ్రమ వృథా.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషు అక్షరాల్లోనా అంటే, రెండూ. యాప్‌లో వెతికేటప్పుడు మనం కొట్టిన అక్షరాలతోనే పోల్చి చూస్తుంది. 'నాగలూటి' అని తెలుగులో మాత్రమే ఉంటే, ఇంగ్లీషు కీబోర్డుతో కొట్టేవాళ్లకు దొరకదు. అందుకే తెలుగు పేరు తర్వాత అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా పెట్టండి. షీట్‌ను సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) దాచేటప్పుడు ఎక్సెల్‌లో రెండు రకాలు కనిపిస్తాయి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. 'యూటీఎఫ్-8' అని ఉన్నదాన్ని ఎంచుకోండి. గూగుల్ షీట్స్ నుంచి దింపుకుంటే ఈ సమస్యే రాదు.

మీ జాబితాలో శిబిరాలు మాత్రమే ఉన్నట్టు మీ వివరణ బట్టి అనిపిస్తోంది. నా సలహా, వీటిని కూడా చేర్చండి. సిగ్నల్ దొరికే చోట్లు, ఏ కంపెనీ సిగ్నల్ దొరుకుతుందో వివరణలో రాసి. జీపు లేదా 108 వాహనం రాగలిగే చివరి చోట్లు. దారి చీలి జనం తప్పుదారి పట్టే మలుపులు. తాగకూడని నీళ్లున్న కుంటలు. ముందు చాలా దూరం నీళ్లు దొరకని చోటుకు ముందున్న ఆఖరి చలివేంద్రం. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ కైలాసద్వారం వైపు మెట్లెక్కాలి, పెద్దవాళ్లు ఆయాసపడేది అక్కడే. అందుకని లోయ పైన, కింద, మెట్ల మధ్యలో కూర్చోవడానికి వీలున్న చోట్లను కూడా గుర్తించండి. డోలీ మోసేవాళ్లు ఎటు నుంచి ఎటు తీసుకెళ్తే వాహనం తొందరగా అందుతుందో ఆ పాయింట్ వివరణలోనే ఒక్క వాక్యంలో రాయండి. చలివేంద్రం ఎక్కడుందో భక్తులకు జనాన్ని చూస్తేనే తెలుస్తుంది, వాహనం ఎక్కడిదాకా వస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు.

కొత్త పాయింట్లు తీసుకునేటప్పుడు ఫోన్ ఆ చోట కాసేపు కదలకుండా ఉండనివ్వండి. ఆరుబయట మామూలు ఫోన్ జీపీఎస్ దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో చూపిస్తుంది. దట్టమైన చెట్ల కింద, లోయలో రాతి గోడల పక్కన ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. మ్యాపులో మన చుట్టూ కనిపించే నీలి వలయం చిన్నదయ్యే దాకా ఆగాలి. జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు, ఫోన్ ఉపగ్రహాల నుంచి వినడమే తప్ప పంపేది ఏమీ లేదు. నెట్ లేనప్పుడు మొదటిసారి చోటు దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అంతే. అందుకే అడవిలోకి దిగేముందు వెంకటాపురంలోనే ఒకసారి యాప్ తెరిచి చోటు చూపించే దాకా ఉంచుకోవాలి.

ఫోటో తీసి పంపితే చోటు తెలుస్తుందని కొందరు అనుకుంటారు. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే నిజమే. కానీ వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ వివరం తొలగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితేనే ఉంటుంది.

షీట్ సిద్ధమయ్యాక ఫైల్ తయారు చేయడం పది నిమిషాల పని. మై మ్యాప్స్‌లో కొత్త మ్యాప్ తెరిచి షీట్ ఎక్కించండి. ఏ నిలువు వరుస అక్షాంశం, ఏది రేఖాంశం, ఏది పేరు అని అది అడుగుతుంది. చుక్కలు సరిగా పడ్డాయో లేదో అక్కడే చూసుకోవచ్చు. తర్వాత మెనూలో కేఎంఎల్‌గా దింపుకునే వీలుంది. అక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్త. 'నెట్‌వర్క్ లింక్‌తో తాజాగా ఉంచు' అనే గడిలో టిక్ పెడితే ఫైల్‌లో పాయింట్లు ఉండవు, ఒక లింకు మాత్రమే ఉంటుంది. అడవిలో తెరిస్తే ఖాళీ. ఆ టిక్ తీసేసి దింపుకోండి. మొత్తం మ్యాప్ ఒకే ఫైల్‌గా కాకుండా ఒక్కో లేయర్‌ను విడిగా దింపుకుంటే నీళ్లు ఒక ఫైల్, వైద్యం ఒక ఫైల్, అన్నదానం ఒక ఫైల్ అవుతాయి. ఫోన్‌లో అవి వేర్వేరు జాబితాలుగా చేరతాయి. వైద్య బృందానికి మిగతావి అడ్డం అనిపిస్తే కన్ను గుర్తు నొక్కి దాచుకుంటారు.

మీ జాబితాను నెట్‌లో ఎక్కించడం ఇష్టం లేకపోతే కంప్యూటర్‌లో జీపీఎస్‌బేబెల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. సీఎస్‌వీ పై వరుసలో పేరు, అక్షాంశం, రేఖాంశం, వివరణ అనే నాలుగు శీర్షికలను అది గుర్తుపట్టే ఇంగ్లీషు పొట్టి పేర్లతో ఇస్తే జీపీఎక్స్‌గా మారుస్తుంది. దాంట్లో 'యూనివర్సల్ సీఎస్‌వీ' అనే రకాన్ని ఎంచుకోవాలి.

ఫోన్లలోకి ఎక్కించడం ఇలా. ముందు ఇంట్లో వైఫై మీద ప్రతి కార్యకర్త ఆర్గానిక్ మ్యాప్స్ పెట్టుకుని, ఆంధ్రప్రదేశ్ మ్యాప్ దింపుకోవాలి. దారి తెలంగాణ హద్దుకు దగ్గరే కాబట్టి అదీ దింపుకుంటే మంచిది. తర్వాత మీరు ఫైల్‌ను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. దాన్ని నొక్కితే ఏ యాప్‌తో తెరవాలో అడుగుతుంది. ఆర్గానిక్ మ్యాప్స్ ఎంచుకుంటే పాయింట్లు బుక్‌మార్కుల్లో జాబితాగా చేరతాయి. కొన్ని ఫోన్లలో ఆ యాప్ పేరు రాదు. అప్పుడు ఫైల్‌ను డౌన్‌లోడ్స్‌లో దాచి, ఫైల్ మేనేజర్ నుంచి తెరిస్తే వస్తుంది, లేదా యాప్‌లోని బుక్‌మార్కుల దగ్గర నుంచే ఇంపోర్ట్ చేయొచ్చు. ఐఫోన్‌లో షేర్ గుర్తు నొక్కి ఆ యాప్‌ను ఎంచుకోవాలి.

కొత్త ఫైల్ పంపినప్పుడు పాత జాబితా మారదు, పక్కన ఇంకో జాబితా చేరుతుంది. ఇదే గందరగోళానికి మూలం. ఒకే శిబిరం రెండు చోట్ల కనిపిస్తే ఏది నిజమో ఎవరికీ తెలియదు. అందుకే ఫైల్ పేరులో తేదీ పెట్టండి. కొత్తది పంపేటప్పుడు 'పాత తేదీ జాబితా తీసేసి ఇది తెరవండి' అని అదే మెసేజ్‌లో రాయండి. మార్పు వచ్చిన ప్రతిసారీ పంపకుండా బయలుదేరే ముందురోజు సాయంత్రం ఒక ఆఖరి ఫైల్ అని ముందే చెప్పేస్తే అందరికీ టెన్షన్ తగ్గుతుంది.

ఓస్మాండ్ గురించి చెబుతానన్నాను. అది బరువైన యాప్, మెనూలు ఎక్కువ, అందరికీ నేర్పడం కష్టం. కానీ జీపీఎక్స్ ఫైల్ తెరిచినప్పుడు ఆ పాయింట్లను ఫేవరెట్లుగా చేర్చుకునే వీలిస్తుంది. గుంపులుగా విడదీసి గుంపు మొత్తానికి ఒకేసారి రంగు, గుర్తు మార్చుకోవచ్చు. నడిచిన దారిని గీతగా రికార్డు చేయడంలో అది బాగా పనికొస్తుంది. ఈ గీత మీకు చాలా ముఖ్యం. ఏ యాప్ అయినా మ్యాపులో కాలిబాట గీసి ఉంటేనే దాని మీదుగా దారి చెబుతుంది. లేకపోతే రోడ్డు చుట్టూ తిప్పి దోర్నాల మీదుగా పంపుతుంది. బాటను రికార్డు చేసిన జీపీఎక్స్ గీత పాయింట్లతో పాటు ఫోన్‌లో ఉంటే, దారి చెప్పమని అడగకుండానే మనం గీత మీద ఉన్నామో లేదో చూసుకోవచ్చు. అయితే రికార్డింగ్ కోసం విడిగా అడవిలోకి వెళ్లకండి. అది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, అటవీ శాఖ ఆ దారిని పండగ రోజుల్లోనే తెరుస్తుంది. మొదటి రోజు ముందుగా నడిచే బృందంలో ఒకరు రికార్డు చేసి, సిగ్నల్ దొరికే చోటికి రాగానే పంపితే వెనక వచ్చేవాళ్లకు పనికొస్తుంది, వచ్చే ఏటికి మీ దగ్గర ఉండిపోతుంది.

ఇక శాశ్వతంగా ఉండే చోట్లు. నాగలూటి వీరభద్రస్వామి గుడి, భీముని కొలను, వెంకటాపురం బస్టాప్, ఏడాది పొడవునా నీళ్లుండే బావి, ఇవి మీ బృందానికి మాత్రమే సంబంధించినవి కావు. ఇవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేరాలని నేను గట్టిగా కోరుకుంటాను. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ను ఎవరైనా సరిచేయొచ్చు, ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ రెండూ దాన్నే చూపిస్తాయి. మీరు ఒకసారి చేర్చితే మీ పేరు కూడా తెలియని యాత్రికుడి ఫోన్‌లోకి కూడా అది చేరుతుంది. ఆర్గానిక్ మ్యాప్స్‌లోనే ఆ చోట వేలు నొక్కి పట్టి చోటు చేర్చొచ్చు. దీనికి మాత్రం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఖాతా కావాలి, అదీ ఉచితమే. ఎక్కువ చోట్లు చేర్చాలంటే ఎవ్రీ డోర్ అనే యాప్ ఇంకా సులువు. పేరును ఇంగ్లీషులో, తెలుగు పేరు గడిలో తెలుగులో, రెండుచోట్లా రాయండి. నీళ్ల చోటు చేర్చేటప్పుడు అవి తాగేవా కావా అని చెప్పే గడి ఉంటుంది. దాన్ని నింపకుండా వదిలేయకండి. బాటను చేర్చేవాళ్లు అనుమతితోనే ప్రవేశం అనే గుర్తు కూడా పెట్టాలి. అది లేకపోతే మ్యాప్ చూసి మామూలు రోజుల్లో ఎవరో బయలుదేరుతారు.

మీ చేర్పు మిగతావాళ్ల యాప్‌లో వెంటనే కనిపించదు, మ్యాప్ తాజా చేసి కొత్తది దింపుకున్నప్పుడే వస్తుంది, వారాలు పట్టొచ్చు. కాబట్టి ఈ శివరాత్రికి దాన్ని నమ్ముకోవద్దు, మీ ఫైలే ఆధారం. గూగుల్ మ్యాపులో చూసి అందులోకి ఎక్కించకండి, లైసెన్సు ఒప్పుకోదు. మీరు స్వయంగా చూసినవి, మీ ఫోన్‌తో కొలిచినవి మాత్రమే చేర్చాలి.

అందులో చేర్చకూడనివీ ఉన్నాయి. నాలుగు రోజుల శిబిరాలు వద్దు, ఆ మ్యాప్ తాత్కాలికమైన వాటికి కాదు. జంతువులు నీళ్లు తాగడానికి అటవీ శాఖ కట్టిన తొట్లు, పులుల కోసం చెట్లకు కట్టిన కెమెరాలు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, వేటగాళ్లకు దారి చూపినట్టవుతుంది. మీ సొంత ఫైల్‌లో కూడా వాటిని పెట్టకండి. చెంచు గూడేల ఇళ్లను ఒక్కొక్కటిగా గుర్తించడం కూడా నాకు సబబుగా అనిపించదు. గూడెం పేరు ఉంటే చాలు. వాట్సాప్‌లో ఒకసారి పంపిన ఫైల్ ఎక్కడెక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు. అందుకని వివరణల్లో శిబిరం డ్యూటీ నంబరు తప్ప దాతల, కార్యకర్తల సొంత నంబర్లు రాయకండి.

చోటును నోటితో చెప్పాల్సి వస్తే డిజిపిన్ ఒకటి తెలుసుకుని ఉండండి. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం)లతో కలిసి తయారు చేసి 2025లో విడుదల చేసింది. దేశాన్ని దాదాపు నాలుగు మీటర్ల గళ్లుగా విడదీసి ఒక్కో గడికి 10 అక్షరాల కోడ్ ఇచ్చారు. అక్షాంశ రేఖాంశాల నుంచి లెక్కకట్టేదే కాబట్టి దానికి నెట్ అవసరం లేదు. షీట్‌లో ఒక నిలువు వరుస దానికి కేటాయిస్తే బయటి నుంచి వచ్చే సహాయక బృందాలకు ఉపయోగపడొచ్చు. మీ లోపలి మాటలకు మాత్రం బోర్డు మీది అంకే చాలు, పది అక్షరాలు వైర్‌లెస్‌లో చెప్పడం కష్టం.

బయలుదేరడానికి కనీసం వారం ముందు ఒక పరీక్ష చేయండి. ఒక ఆండ్రాయిడ్, ఒక ఐఫోన్ తీసుకుని రెండింటినీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచండి. ఫైల్ గురించి ఏమీ తెలియని ఇద్దరు కార్యకర్తలకు ఇచ్చి, 'వైద్యం 40 వెతకండి, దాని దగ్గరున్న నీళ్లు ఏవో చెప్పండి' అని అడగండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతారో గమనించండి. పేరు దొరక్కపోతే షీట్‌లో పేరు మార్చాలి, జాబితా దొరక్కపోతే ఒక చిన్న స్క్రీన్ రికార్డింగ్ తీసి గ్రూపులో పెట్టాలి. ఫోన్లు చలికి, రాత్రి టార్చి వాడకానికి తొందరగా ఖాళీ అవుతాయి, కాబట్టి అంకెలతో కూడిన జాబితాను లామినేట్ చేయించి ప్రతి శిబిరంలో ఒకటి ఉంచండి.

ఫోన్ నంబర్లు తీసేసి మీ షీట్‌లో మొదటి పది వరుసలు ఇక్కడ పెట్టండి. నిలువు వరుసల తీరు, అంకెలు చూసి ఏమైనా మార్చాలంటే చెబుతాను. ఏ పాయింట్లు టోపోషీట్ నుంచి తీసుకున్నవో, ఏవి ఫోన్‌తో తీసుకున్నవో కూడా రాయండి, ముందు ఆ మొదటి రకాన్నే సరిచూడాలి.